నీ స్పీకర్లను నల్లగొండకు తీసుకురా

నల్లగొండ

ప్రియమైన యాదగిరికి,

ముప్పై మంది కూడా రాని ఆడియో ప్రదర్శనకు మహబూబ్‌నగర్ నుంచి స్పీకర్లు మోసుకొస్తే ప్రయోజనమేమిటని నీ ఉత్తరంలో అడిగావు. కొనేవాళ్లు ఎక్కువగా హైదరాబాదులోనే ఉన్నారన్న మాట నిజమే. అయినా వినేవాడికీ, తయారుచేసేవాడికీ అసలైన మేలు ఇలాంటి చిన్న కూడికలోనే జరుగుతుందని నా గట్టి నమ్మకం.

కిందటిసారి గడియారం సెంటరు దగ్గరి గదిలో జరిగిన సంగతి విను. మిర్యాలగూడ నుంచి వచ్చిన ఒకాయన తాను చేసిన స్పీకర్లను గోడకు ఆనించి పెట్టి పాటలు వినిపిస్తుంటే అందరూ బాగున్నాయన్నారు. ఇంతలో ఒక పెద్దాయన సంచిలోంచి ఒగ్గుకథ క్యాసెట్టు తీసి, ఇది వేయమన్నాడు. డోలు దెబ్బ పడగానే గదంతా గుమ్మని నిండిపోయి, కథకుడి మాట ఒక్కటీ తెలియలేదు. స్పీకర్లు చేసినాయన ఏమాత్రం నొచ్చుకోకుండా వాటిని అడుగు ముందుకు జరిపి విన్నాడు, మళ్లీ జరిపి విన్నాడు. చివరికి డోలు డోలుగా, మాట మాటగా వినిపించాయి. పన్నెండు అడుగుల పొడవున్న గదిలో 47 హెర్ట్జ్ దగ్గర, అంటే సెకనుకు 47 సార్లు కంపించే మంద్రధ్వని, ఎదురెదురు గోడల మధ్య నిలబడి ఉబ్బుతుందనీ, స్పీకరు గోడకు దగ్గరైన కొద్దీ ఆ ఉబ్బు ఎక్కువవుతుందనీ అక్కడికక్కడే కాగితం మీద లెక్క వేసి చూపించాడు. మన ఇళ్లలో గదులూ ఇంచుమించు అంతే కదా! షోరూములో విన్న స్పీకరు ఇంటికొచ్చాక వేరుగా ఎందుకు మోగుతుందో అక్కడున్నవారికి ఆ పూట తెలిసింది. తన స్పీకర్లను ఎక్కడ పెట్టమని చెప్పాలో ఆయనకూ తెలిసింది. మ్యూనిక్‌లో ఏళ్ల తరబడి జరిగిన హై ఎండ్ లాంటి మహా ప్రదర్శనలో సొంత క్యాసెట్టు వేయించుకుని, అంతసేపు కూర్చోవడం సామాన్యుడికి ఎక్కడ కుదురుతుంది?

రెండు యాంప్లిఫయర్లను పోల్చేటప్పుడు ధ్వని స్థాయిని సమానం చేయమని కూడా ఇక్కడ నిర్మొహమాటంగా అడగవచ్చు. ఒక్క డెసిబెల్ ఎక్కువ మోగినదే మెరుగనిపించడం చెవి స్వభావం.

అమ్మేవారి సంగతికొస్తే, పాత రికార్డులు తెచ్చినాయనకు ఆ రోజు అమ్మకం అంతంతమాత్రమే. కానీ ఆయన ప్రతివారి పికప్ ముల్లునూ భూతద్దం కింద చూసి, అరిగిన ముల్లు రికార్డు గాడిని ఎలా కోస్తుందో ఓపికగా చెప్పాడు. ఆ తర్వాత ముళ్ల కోసం, రికార్డుల కోసం ఆయనకే ఫోన్లు వస్తున్నాయట. నమ్మకం కుదిరితే బేరం తరువాత దానంతటదే వస్తుంది.

నీ స్పీకర్లు 87 డెసిబెళ్లవి, అంటే ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో అంత మోగుతాయి. ఇక్కడ ఒక మిత్రుడి దగ్గర 96 డెసిబెళ్ల హార్న్ స్పీకర్లు ఉన్నాయి. మూడేసి డెసిబెళ్లకు శక్తి రెట్టింపు కావాలి కాబట్టి, అతనికి ఒక్క వాటుతో వచ్చే శబ్దానికి నీకు ఎనిమిది వాట్లు కావాలి. ఎనిమిది వాట్ల వాల్వ్ యాంప్లిఫయర్‌కు రెంటినీ ఒకదాని తర్వాత ఒకటి కలిపి వినిపిస్తే, ఏ స్పీకరుకు ఏ యాంప్లిఫయర్ సరిపోతుందో చెప్పడానికి వేరే ఉపన్యాసం అక్కరలేదు. పైగా నీ పెట్టెల గురించి ముఖం మీదే నిజం చెప్పే చెవులు ఇక్కడ దొరుకుతాయి.

వచ్చే నెల రెండో ఆదివారం పెట్టుకున్నాం. జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా శనివారమే వచ్చేయి, మా ఇంట్లోనే ఉందువు. స్పీకర్లను గోడకు దూరంగా జరపాల్సి వస్తుంది, తీగలు కాస్త పొడవైనవి తెచ్చుకో.

నీ
రాములు