విద్యాశాఖ మంత్రిగారికి: స్పైరల్ బైండింగుకు మార్కులు ఆపించండి

అయ్యా, నమస్కారం.

డిగ్రీ విద్యార్థులు మొదటి ఏడాది అయ్యాక 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. ఆలోచన మంచిదే. కానీ చివర్లో అందరూ అడిగేది బైండు చేసిన రిపోర్టు. నిరుటి ఫైలులో ఊరి పేరు మార్చి ప్రింటు తీస్తే సరిపోతోంది. ఆ పేరు మార్చే శ్రమ కూడా ఇప్పుడు ఏఐ తీర్చేసింది. రిపోర్టుకు బదులు వేరే రూపంలో పని చూపించినా మార్కులు పడేలా ఉత్తర్వు ఇవ్వండి.

విజయవాడలోనే చెయ్యదగ్గ పని ఒకటి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు సింగ్‌నగర్‌ను ముంచింది. గోడల మీది వరద చారలు రంగు వేస్తే పోతాయి. మిగిలినవాటినైనా పిల్లలతో కొలిపించవచ్చు. నలుగురు, ఒక టేపు, తాపీమేస్త్రీలు మట్టం చూసే నీళ్ల గొట్టం చాలు. అరుగు నుంచి కొలిస్తే లెక్క పనికిరాదు, ఏ ఇంటి అరుగు ఎత్తు దానిదే. వీధిలో కదలని గుర్తు ఒకటి పెట్టుకుని, గొట్టంతో ప్రతి ఇంటికీ ఆ మట్టం తేవాలి. గొట్టంలో గాలిబుడగ ఉంటే కొలత తప్పుతుంది. నిలిచిన నీరు మట్టంగా ఉంటుంది గనక పక్కపక్క ఇళ్ల చారలు దాదాపు ఒకే ఎత్తులో రావాలి. జానెడు తేడా వచ్చిందంటే, ఒకచోట కొలిచింది నీరు దిగుతూ ఆగినప్పటి చార అయ్యుండవచ్చు. పై చార కోసం వెతకాలి. ఫోను జీపీఎస్ ఇల్లెక్కడుందో చెబుతుంది గానీ ఎత్తుకు నమ్మకూడదు, మీటర్లకు మీటర్లు తప్పుతుంది. ఈ కొలతలతో గీసిన పటాన్ని వార్డు సచివాలయం గోడకు అంటించాలి.

తెలుగు వికీపీడియా వ్యాసమూ మంచి పనే. అయితే ఈ కొలతలు అక్కడ నిలవవు, అచ్చయిన ఆధారం అడుగుతారు. గుంటూరు మిర్చి యార్డు హమాలీల మాటలు రికార్డు చేయడమూ మంచి పనే. దానికి ముందు వాళ్ల అనుమతి, తర్వాత లారీల రొద లేని చోటు చూసుకోవాలి.

మార్కుల దగ్గరే జాగ్రత్త. రంగుల చార్టు చూసి మార్కులు వేస్తే మళ్లీ మొదటికే వస్తాం. 40 మార్కులు సర్వేయరు ఫీల్డ్‌బుక్కులా రోజూ రాసిన నోట్సుకు ఇవ్వండి. తప్పు కొలత కొట్టేసి కనిపించాలి, చెరిపేసి కాదు. పనిలో ఏ నిర్ణయం ఎందుకు తీసుకున్నారో చెప్పే రెండు పేజీలకు 20. మిగతా 40 వైవాకు, అంటే నోటి పరీక్షకు: నోట్సులో ఏదో ఒక అంకె చూపించి, ఇదెలా వచ్చిందని అడగడమే. సెక్షనులో 60 మంది ఉంటే 15 జట్లు, జట్టుకు 20 నిమిషాలు, మొత్తం ఐదు గంటలు. ఆ రోజు అధ్యాపకులకు వేరే డ్యూటీ వెయ్యకూడదు.

ఒక్కరు కష్టపడితే ముగ్గురు పేర్లు రాయించుకోవడం ఇందులోనూ ఉంటుంది. అందుకే జవాబు ఎవరు చెప్పాలన్నది జట్టు కాదు, వైవా చేసేవారే తేల్చాలి.

ఇట్లు,
కొందరు డిగ్రీ అధ్యాపకులు, విజయవాడ