ప్రూఫు చూసేవాళ్లు కావాలి

సంపాదక మహాశయులకు నమస్కారం.

విండోస్ 10కు కాలం చెల్లడంతో పాత కంప్యూటర్లన్నీ తూకానికి పోతున్నాయంటూ మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ దానికి మామూలు మద్దతు ఆపేసింది, పాత యంత్రాల్లో విండోస్ 11 అడుగుపెట్టనంటుంది, కాబట్టి కొత్తది కొనండి, కొనలేనివాళ్లు విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే లినక్స్ వేసుకోండి అని వ్యాసకర్త చివరి వాక్యంలో తేల్చేశారు. పప్పులో ఉప్పు వేసుకోండి అన్నంత తేలిగ్గా చెప్పారు. నేను వేసుకున్నాను. అదీ విడుదలైనది కాదు, ఇంకా పరీక్షల్లో ఉన్నప్పుడే వేసుకున్నాను. అందులో మన తెలుగు ఎలా ఉందో చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైతే మన్నించండి. కత్తెర ఎలాగూ మీ చేతిలోనే ఉంది.

ఒడిశాలోని పర్లాకిమిడిలో ఇరవై రెండేళ్లుగా డీటీపీ, జిరాక్సు దుకాణం నడుపుతున్నాను. మా దగ్గర శుభలేఖ తెలుగులో కొట్టించుకున్న మనిషే మర్నాడు వచ్చి అదే పెళ్లికి సెలవు అర్జీ ఒడియాలో కొట్టించుకుంటాడు. కార్డుకు ఒక పక్క తెలుగు, రెండో పక్క ఒడియా అడిగేవాళ్లూ ఎక్కువే. ఆషాఢం వస్తే మాకు పని ఉండదు. రథయాత్ర కరపత్రాలు అయిపోయాక, శ్రావణ ముహూర్తాల కార్డులు వచ్చేదాకా ఈగలు తోలుకోవడమే. 2025లో ఆ ఖాళీలో చేసిన పని ఇది.

దుకాణంలో రెండు పాత యంత్రాలున్నాయి. ఒకటి 2004లో అప్పు చేసి కొన్నది, ఇంకొకటి 2013 నాటిది, నాలుగు జీబీల మెమరీ ఉంది. డెబియన్ అనే లినక్స్‌కు అప్పటికి పదమూడో వెర్షన్ తయారవుతోంది. దాని ముద్దుపేరు ట్రిక్సీ. 1993 నుంచి స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు నడుపుతున్నది కాబట్టి ఎవరో ఒక యజమాని రేపు దీన్ని మూసేస్తాడన్న బెంగ ఉండదని దాన్నే ఎంచుకున్నాను. 2004 నాటి యంత్రానికి మాత్రం మొదటిరోజే చుక్కెదురైంది. ట్రిక్సీ నుంచి అలాంటి 32 బిట్ల పాత పీసీలకు ఇన్‌స్టాలర్, అంటే దాన్ని యంత్రంలోకి ఎక్కించే ప్రోగ్రాము, ఇవ్వడం మానేశారు. నేను మొదటి శుభలేఖ కొట్టింది దాని మీదే. గుడ్డ కప్పి మూలన పెట్టాను. తూకానికి మాత్రం వేయలేదు.

రెండోదానికి పెన్‌డ్రైవ్ తగిలించగానే భాషల పట్టిక వచ్చింది. కిందికి జరుపుకుంటూ పోతే తెలుగు కనబడింది. అక్కడి నుంచి ప్రశ్నలన్నీ తెలుగులోనే వచ్చాయి గానీ, అన్నంలో రాళ్లలాగా మధ్యమధ్య ఇంగ్లీషు తగులుతూనే ఉంది. వైఫై కోసం నానా తంటాలు పడాలని తెలిసినవాళ్లు బెదిరించారు. పడలేదు. వైఫై పరికరాన్ని పనిచేయించే ఫర్మ్‌వేర్ అనే ప్రోగ్రామును డెబియన్ 12 నుంచే ఇన్‌స్టాలర్‌లో కలిపి ఇస్తున్నారు. పాత యంత్రం కదా అని తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ పెట్టాను. గంట తిరగకుండానే తెర సిద్ధమైంది. వేగం గురించి ఫిర్యాదు లేదు, కాబట్టి ఆ సంగతి ఇంతటితో వదిలేస్తాను.

మెనూలో ఫైలుకు దస్త్రం అని ఉంది. మా తాతగారు కచేరీలో దస్త్రాలు మోసిన మనిషి. నా తరానికి అది ఫైలైపోయింది. మళ్లీ ఆ మాట తెర మీద చూస్తే చాలా కాలానికి ఇంటికి వచ్చిన చుట్టాన్ని చూసినట్టయింది. కానీ ఇంకొక చోట ‘అభీష్టాలు’ అని కనబడింది. పూజలో సంకల్పం చెప్పుకుంటున్నానేమో అనుకున్నాను. నొక్కి చూస్తే తెర రంగులు, అక్షరాల సైజు మార్చుకునే చోటు అది. ఇలాంటి మాటలు పెట్టినవాళ్లను తప్పుపట్టను. పెట్టాక వాడి చూసినవాళ్లు లేరని మాత్రం తెలిసిపోతోంది.

టైపింగ్ దగ్గర భయపడ్డాను. నా వేళ్లు ఆపిల్ కీబోర్డు అమరికకు అలవాటు పడిపోయాయి, ఈ వయసులో మార్చుకోలేను. ఐబస్ అనే టైపింగ్ ఉపకరణంలో తెలుగుకు ఇన్‌స్క్రిప్ట్, పోతన, ఆర్‌టీఎస్ అమరికలతో పాటు ఆపిల్ కూడా ఉంది. ఒకటి రెండు వత్తులు పక్క మీటలకు జరిగాయి, అంతే. కొత్త ఫాంటు వస్తే మా వృత్తిలో ముందుగా కొట్టి చూసే పేరు జ్యోత్స్న. త కింద స, న వత్తులు రెండూ ఒకదాన్నొకటి తొక్కుకోకుండా నిలబడితే ఆ ఫాంటు నిలబడినట్టే. స్క్రైబస్ అనే పేజీలు పేర్చే ప్రోగ్రాములో కొట్టాను, నిలబడింది. లక్ష్మి, రాష్ట్రపతి కూడా సవ్యంగా వచ్చాయి. చి॥ల॥సౌ॥ దగ్గర మాత్రం దొరికిపోయింది. నేను ఎంచుకున్న తెలుగు ఫాంటులో ఆ జంట గీతలు లేవు. వేరే ఫాంటు నుంచి అరువు తెచ్చుకుంది. అక్షరాల మధ్య అవి కంచెకు పాతిన గుంజల్లా నిలబడ్డాయి. చూసేవాడికి అదేమంత విషయం కాదు. పెళ్లికూతురి తండ్రికి అది విషయమే.

తెలుగు విజయం అనే ఫాంట్ల కట్ట ఉంటే దాన్నీ వేసుకున్నాను. ధూర్జటి, గురజాడ, సురవరం, తిమ్మన అంటూ జాబితా చూసుకుంటూ పోతే గిడుగు కనబడింది. కాసేపు చేయి ఆగిపోయింది. గిడుగు రామమూర్తి పంతులుగారు 1880లో ఉపాధ్యాయుడిగా చేరింది మా ఊళ్లోనే. సవరలతో కలిసిమెలిసి వాళ్ల భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. అదే 1936లో మంగెయ్ గమాంగో సవర భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. కంప్యూటర్లలో అన్ని లిపులకూ ఉమ్మడి పట్టిక లాంటి యూనికోడ్‌లో 2012లో ఆ లిపి చేరింది. నోటో ఫాంట్లు వేసుకుంటే అదీ కనబడుతుంది.

నా దగ్గర లామినేషన్ పని చేసే కుర్రాడు గుమ్మా వైపు నుంచి వచ్చిన సవర. పిలిచి చూపించాను. గోడల మీద, చిన్న పుస్తకాల్లో చూశాడట గానీ కంప్యూటర్‌లో చూడలేదు. టైపు చేసే అమరిక మాకు దొరకలేదు. అక్షరాల పట్టిక తెరిచి ఒక్కొక్కటీ ఏరుకుంటూ తన పేరు పేర్చుకున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. “ప్రింటు తీద్దామా గురువుగారూ?” అన్నాడు. ప్రింటరు పనిచేయడం లేదన్న సంగతి అప్పుడు తెలిసింది! కాగితం నిండా పిచ్చి గుర్తులు వచ్చాయి. ప్రింటరు కంపెనీ పేరెందుకు గానీ, వారం రోజులు కుస్తీ పట్టినా అది లొంగలేదు. ఇప్పటికీ పీడీఎఫ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, విండోస్ యంత్రం దగ్గరికి నడుస్తున్నాను. కుర్రాడి పేరు కూడా అలాగే తీశాం. తనే లామినేషన్ చేసుకుని ఇంటికి పట్టుకుపోయాడు.

మరొక సంగతి, నాలాగా స్కానింగ్ ఎక్కువగా చేసేవాళ్లకు చెప్పాలి. ట్రిక్సీలో తాత్కాలిక దస్త్రాల సంచి డిస్కులో కాకుండా మెమరీలో ఉంటుంది, అవసరమైతే సగం మెమరీ వరకు వాడుకుంటుంది. నాలుగు జీబీల యంత్రంలో భూమి పత్రాలు నలభై పేజీలు స్కాన్ చేసి అక్కడే పడేస్తే యంత్రం ఎద్దులా కూలబడింది. తప్పు నాదే. విడుదల గమనికల్లో రాసే ఉంది, చదవలేదు.

ఇక అసలు విషయం. శ్రావణం పెళ్లికి ఒక పెళ్లికొడుకు పన్నెండు ఫొటోలు ఇచ్చి వెళ్లాడు. ఫొటోలు చూసే ఒక ప్రోగ్రాములో పనికిరానివాటిని జాబితా నుంచి పక్కకు తప్పిద్దామని ‘తొలగించు’ నొక్కాను. ‘తొలగించాలా?’ అని అడిగింది. అవునన్నాను. ఫొటో డిస్కు నుంచే పోయింది. చెత్తబుట్టలోనూ లేదు. మెనూను ఇంగ్లీషుకు మార్చి చూస్తే అక్కడ రిమూవ్ ఒకటి, డిలీట్ ఒకటి, రెండు వేర్వేరు మాటలున్నాయి. తెలుగులో రెంటికీ తొలగించు అనే పెట్టారు. ఉద్యోగం నుంచి తొలగించడమూ లోకం నుంచి తొలగించడమూ ఒకటే అయితే ఎలాగండీ? ఒకదానికి ‘జాబితా నుంచి తీసివేయి’, రెండోదానికి ‘పూర్తిగా చెరిపివేయి’ అంటే సరిపోయేది. పెళ్లికొడుకు మంచివాడు, నవ్వేసి ఫోను నుంచి మళ్లీ పంపాడు.

దీన్ని మేం ప్రూఫు తప్పు అంటాం. శుభలేఖ ప్రూఫు ఇస్తే పదిమందిలో తొమ్మిదిమంది చదవరు. అంతా బాగుందండీ అని సంతకం పెట్టి పోతారు. అయిదువందల కార్డులు అచ్చయి వచ్చాక మామగారి ఇంటిపేరులో సున్న ఏదని కొట్టు మీదికి వస్తారు. విడుదలకు ముందు ఇచ్చే వెర్షన్ అంటే ఆ ప్రూఫే. తప్పులుంటాయని చెప్పి మరీ మన చేతిలో పెడతారు. డెబియన్ కొత్త వెర్షన్ దాదాపు రెండేళ్లకొకసారి వస్తుంది, అంటే ఆ ప్రూఫు అంతకాలమూ బల్ల మీదే ఉంటుంది. తెలుగు పేజీ మాత్రం ఎవరూ తిప్పడం లేదు.

తిప్పితే ఏమవుతుందో 2024 మార్చిలో లోకం చూసింది. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన డెబియన్ పరీక్ష ప్రతిలో ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి కంప్యూటర్లోకి ప్రవేశించే పద్ధతి) లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని ఊరుకోకుండా తవ్వుకుంటూ పోయారు. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్లను కుదించే ఉపకరణం 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో పెట్టిన దొంగదారి దొరికింది. రెండేళ్లకు పైగా నమ్మకంగా పనిచేస్తూ వచ్చిన పేరు ఒకటి దాని వెనుక ఉంది. మార్చి 29న ఆయన బయటపెట్టారు. డెబియన్ స్థిర విడుదలలోకి అది చేరలేదు. ఉబుంటు అనే మరో లినక్స్ తన 24.04 వెర్షన్ బీటాను, అంటే పరీక్ష ప్రతిని, వారం రోజులు వాయిదా వేసుకుంది. ఈ కథకు రెండో వైపు కూడా ఉంది. ఆ దొంగదారి ముందుగా వచ్చి కూర్చున్నది పరీక్ష ప్రతులు వాడేవాళ్ల కంప్యూటర్లలోనే. అందుకే కస్టమర్ల ఆధార్ కాపీలు ఉండే యంత్రంలో నేను పరీక్ష ప్రతి పెట్టను, ఎవరినీ పెట్టుకోమనను. ఖాళీగా పడి ఉన్న పాతదానిలో పెట్టుకోవాలి.

తొలగించు గురించి నాకు వచ్చిన ఇంగ్లీషులో ఒక ఉత్తరం రాశాను. డెబియన్‌లో తప్పులను ఈ-మెయిల్లో పంపవచ్చు, ప్రతి ఉత్తరానికీ ఒక నంబరు ఇస్తారు, ఎవరైనా తెరిచి చదవవచ్చు. మీ పత్రికకు ఇప్పటిదాకా పదకొండు ఉత్తరాలు రాస్తే మూడు వేశారు. మిగతా ఎనిమిదింటి జాతకం ఏమైందో ఆ పైవాడికే తెలియాలి. అక్కడ మాత్రం గంటలో నంబరు వచ్చింది, నాలుగో రోజున ఒక మనిషి జవాబు రాశాడు. మీరు చెప్పింది సబబుగానే ఉంది గానీ విడుదల ముంగిట మాటలు కదపడం కుదరదు, తర్వాతి వెర్షన్‌కు చూద్దాం అన్నాడు. కిందనే ఒక ప్రశ్న వేశాడు. తెలుగు చూసేవాళ్లు ఇప్పుడు ఎవరున్నారు, మీకు తెలుసా?

నాకు తెలియదు. 2025 ఆగస్టు 9న ట్రిక్సీ విడుదలైంది. నా యంత్రంలో తొలగించు అలాగే ఉంది.

పద్నాలుగో వెర్షన్ పని మొదలైంది, దానికి ఫోర్కీ అని పేరు. ప్రూఫు మళ్లీ బల్ల మీదికి వచ్చింది. ఇందుకు ప్రోగ్రామింగ్ రానక్కరలేదు. తెలుగు చదవడం, విసుగు లేకపోవడం, ఒక పాత కంప్యూటరు ఉంటే చాలు. మీ పాఠకుల్లో విశ్రాంత తెలుగు మాస్టార్లు ఎంతోమంది. మా పక్కనే టెక్కలి, శ్రీకాకుళంలో కంప్యూటర్ చదువులు చదివే పిల్లలున్నారు. ఆ మనిషి అడిగిన ప్రశ్నను మీ పత్రిక ద్వారా వాళ్ల ముందు పెడుతున్నాను. ఎవరైనా ముందుకు వస్తే ‘అభీష్టాలు’ సంగతి కూడా కాస్త చూడమనండి.

ఎలాగూ ప్రూఫుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. మీ పత్రికలో మా ఊరి పేరు ఒకరోజు పర్లాకిమిడి అని, ఇంకొకరోజు పర్లాకిముండి అని, మొన్న మూడో పేజీలో పర్లాఖెముడి అని వచ్చింది. ఏదో ఒకటి ఖాయం చేయగలరు.

ఇట్లు,
మీ పాఠకుడు, డీటీపీ ఆపరేటరు,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా.