గుణుపురం పిల్లలకి మెదడు చూపించినవాళ్లందరికీ కృతజ్ఞతలు

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా చదువుకునే పిల్లల కోసం ఒడిశాలోని గుణుపురంలో మేం సైన్సు టీచర్లం పెట్టిన నాడీ వ్యవస్థ ప్రదర్శన చక్కగా జరిగింది. అడగ్గానే తమ పనులు పక్కన పెట్టి వచ్చినవాళ్ల చలవే ఇదంతా. ఎవరు ఏం చేశారో, అది ఎందుకంత అవసరమైందో వివరంగా రాస్తున్నాం. రేపు రాయగడలోనో పర్లాకిమిడిలోనో ఇంకో బడివాళ్లు ఈ పని తలపెడితే అక్కరకొస్తుంది.

మొదటి దండం మాంసం కొట్టు అన్నకి. తలకాయ కూరకిచ్చే మేక తలని కత్తితో నిలువునా చీల్చేయడం కొట్టులో మామూలు. అలా చీలిస్తే ఎముక పెంకులు మెదడులో గుచ్చుకుంటాయి, చూడడానికి ఏమీ మిగలదు. అన్న కత్తి పక్కన పెట్టి, ఇనుము కోసే రంపం పట్టారు. కళ్ల పైగట్టు దగ్గర మొదలుపెట్టి, కొమ్ముల మొదళ్ల కిందుగా, వెనక వెన్నుపాము దిగే రంధ్రం దాకా రెండు పక్కలా కోశారు. ఎముక ఉన్నంతసేపూ రంపం గరగరలాడుతుంది. చప్పుడు తగ్గి మెత్తగా జారిందంటే అక్కడితో ఆగాలి. పైచిప్ప ఉలితో లేపితే దళసరి పొర కనిపిస్తుంది, అదే వరాశిక. దాన్ని కత్తెరతో చీల్చి, మెదడుని వెనక నుంచి మెల్లగా ఎత్తుతూ, అడుగునున్న కపాల నాడుల్ని ఒక్కొక్కటే కత్తిరించుకుంటూ రావాలి. ముక్కు వైపున్న, వాసన పసిగట్టే ఘ్రాణ లంబికలు ఎముక గుంటలో అతుక్కుని ఉంటాయి. చెంచా కాడతో వదులు చేయకపోతే తెగి అక్కడే ఉండిపోతాయి. అన్న చేతిలో అవి కూడా చెక్కుచెదరకుండా వచ్చాయి. మెదడుని తిరగేసి, రెండు కళ్ల నాడులూ ఒకదాన్నొకటి దాటుకునే చోటు పిల్లలకి వేలు పెట్టి చూపించగలిగామంటే ఆయన పుణ్యమే.

పచ్చి మెదడు గడ్డపెరుగంత మెత్తన. కోసిన కొన్ని గంటల్లోనే జారిపోవడం మొదలవుతుంది. చుట్టూ ఐసు పెట్టొచ్చు కానీ గడ్డ కట్టనివ్వకూడదు. కణాల్లో నీరు మంచుగా మారి వాటిని చీల్చేస్తుంది, కరిగాక ముద్దైపోతుంది. అందుకే కాలేజీ జువాలజీ ల్యాబు అటెండరు గారు, మెదడు కుళ్లకుండా గట్టిపరిచే ఫార్మలిన్ తెచ్చి, దగ్గరుండి కలిపించారు. సీసాలో వచ్చే ఫార్మలిన్ 100 మిల్లీలీటర్లకి 900 మిల్లీలీటర్ల నీళ్లు. మేక మెదడు దాదాపు 100 గ్రాములు ఉంటుంది, దానికి ఈ ద్రావణం ఒక లీటరైనా ఉండాలి. పొర చీల్చకుండా వేస్తే మందు లోపలికి సరిగ్గా పట్టదు, నడిమి భాగం కుళ్లుతుంది. జాడీ అడుగున ఆనితే ఆ పక్క చదునైపోతుంది కాబట్టి, మెదడు అడుగునున్న రక్తనాళం కిందుగా దారం దూర్చి, తలకిందులుగా వేలాడదీశారు. నెత్తురు విడిచి ఎర్రబడిన ద్రావణాన్ని మర్నాడు మార్చాలి. రెండు వారాలకి గట్టిపడుతుంది. కోసే ముందు మంచినీళ్లలో రాత్రంతా నానబెట్టాలి. తొడుగులు వేసుకుని వరండాలో చేయాల్సిన పని ఇది. ఫార్మలిన్ గాలి కళ్లని, ఊపిరితిత్తుల్ని మండిస్తుంది, దాన్ని పిల్లల చేతికి ఇవ్వకూడదు.

గట్టిపడ్డ మెదడుని అడ్డంగా కోస్తే అంచున బూడిదరంగు, లోపల తెలుపు. మెడముక్కల్లోంచి తీసిన వెన్నుపాముని కోస్తే వరుస తిరగబడుతుంది: తెలుపు బయట, బూడిదరంగు లోపల సీతాకోకచిలుక ఆకారంలో. బూడిదరంగు చోట నాడీకణాల దేహాలు, తెల్లటి చోట మయలిన్ అనే కొవ్వు తొడుగున్న యాక్సాన్లు, అంటే ఆ కణాల నుంచి సాగే పొడవాటి తీగలు. మెదడులో ఆలోచించే కణాలు పైపొరలో పరుచుకుంటే, వెన్నుపాములో పైకీ కిందికీ వెళ్లే దారులు బయట చుట్టుకుని ఉంటాయి. మనిషి మెదడు సుమారు 1,400 గ్రాములు, అందులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలు. మెదడు నుంచి 12 జతలు, వెన్నుపాము నుంచి 31 జతల నాడులు. ఈ లెక్కలు పుస్తకంలోనూ ఉన్నాయి. కానీ ఆ తెలుపూ బూడిదా కంటితో చూశాక పిల్లలు అడిగిన ప్రశ్నలు వేరు.

రాయగడ నుంచి వచ్చిన ఫిజియోథెరపిస్టు గారికి ప్రత్యేకంగా కృతజ్ఞతలు. సుత్తితో తడితే కాలు దానంతటదే లేవడం ఆయన చేసి చూపించారు. మోకాలిచిప్ప కింద, ఎముక తగిలేలోపు వేలికి మెత్తగా ఆనే స్నాయువు (కండరాన్ని ఎముకకి కట్టే తాడు) మీద సుత్తి పడాలి. చిప్ప మీద కొడితే నొప్పే తప్ప కాలు లేవదు. బెంచీ మీద కాళ్లు నేలకి ఆనకుండా వేలాడాలి. అయినా సగంమంది పిల్లలకి రాదు, భయంతో తొడ బిగబెడతారు కనుక. రెండు చేతుల వేళ్లూ కొక్కెంలా పెనవేసి గట్టిగా లాగమని ఆయన చెప్పారు. లాగుతుండగా కొడితే కాలు ఠక్కున లేచింది. సుత్తి దెబ్బ నుంచి కండరం కదలడానికి పట్టేది సుమారు 25 మిల్లీసెకన్లు. కబురు వెన్నుపాము దాకా వెళ్లి అక్కడి నుంచే వెనక్కి తిరుగుతుంది. అదే పడుతున్న స్కేలుని కంటితో చూసి పట్టుకోవాలంటే మెదడు దాకా పోవాల్సిందే. 20 సెంటీమీటర్ల దగ్గర పట్టుకుంటే 200 మిల్లీసెకన్లు. స్కేలు వదిలేవాళ్ల వేళ్లు ముందే కదిలితే లెక్క తప్పుతుంది. ఐదుసార్లు చేసి నడిమి అంకె తీసుకోవాలి.

ఆరోగ్య కార్యకర్త అక్క మోచేయి లోపలి ఎముక వెనక గాడిలో వేలు పెట్టి అల్నార్ నాడిని తడిమి చూపించారు. జివ్వుమని చిటికెన వేలి దాకా పాకేది అదే. అది లావుగా, తాడులా తగిలినా, ఒంటి మీద పాలిపోయిన మచ్చ మీద దూది ఆనించినది తెలియకపోయినా కుష్ఠు పరీక్ష చేయించాలి. ప్రభుత్వాసుపత్రిలో మందులు ఉచితం. ఆలస్యమైతే వేళ్లు వంకరపోతాయి.

పత్తి చేలల్లో పురుగుమందు కొట్టే రైతులు పిల్లల ముందుకొచ్చి మాట్లాడారు. వాళ్లకి ఎంత చెప్పినా తక్కువే. మందు కొట్టాక చొంగ కారడం, చెమటలు, చూపు మసకబారడం, కండరాలు అదరడం వాళ్లు చెప్తుంటే, నాడి చివర కండరానికి ఆనే చోట ఏం జరుగుతుందో మేం బోర్డు మీద గీశాం. కండరానికి కబురందించడానికి నాడి విడిచే ఎసిటైల్‌కోలిన్‌ని పని అవగానే ఒక ఎంజైము విరగ్గొట్టాలి. ఆర్గానోఫాస్ఫేటు రకం పురుగుమందులు ఆ ఎంజైముని కట్టేస్తాయి. ఎసిటైల్‌కోలిన్ పేరుకుపోతుంది, కండరం ముందు అదిరి, తర్వాత చచ్చుబడుతుంది. ఊపిరి కండరాలు కూడా. అలా ఎవరికైనా అయితే బట్టలు విప్పేసి, సబ్బునీళ్లతో ఒళ్లు కడిగి, వాంతి చేయించకుండా, మందు సీసా వెంట పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాలి. విరుగుడు మందు అట్రోపిన్ అక్కడ ఇస్తారు.

సుత్తి, స్కేళ్లు, దూది, బోర్డు బొమ్మలు ఏ బడికి కావాలన్నా ఇస్తాం. జాడీ మాత్రం బయటికి పంపలేం, బస్సు కుదుపులకి ఫార్మలిన్ ఒలుకుతుంది. ఇక్కడికే వచ్చి చూడండి.