అల్లూరి స్మారక శిలాఫలకం: జమా ఖర్చుల వివరణ

చందాలిచ్చిన పెద్దలకు, శ్రమదానం చేసిన అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు కమిటీ నమస్కారాలు. నర్సీపట్నం–చింతపల్లి రోడ్డు పక్కన, మన ఊరి మలుపులో శిలాఫలకాన్ని మే 7న, సీతారామరాజు గారి వర్ధంతి నాడు ఆవిష్కరించుకున్నాం. దాని లెక్క ఇది.

ఇంటింటి చందాలు 64,300 రూపాయలు. ఉపాధ్యాయులు, ఇతర ఉద్యోగులు ఇచ్చింది 21,500. సంతలో వ్యాపారుల నుంచి 18,200. చేతిలో డబ్బు ఆడనివాళ్లు మిరియాలు, పసుపు, కాఫీ గింజలు తెచ్చిచ్చారు. అవి అమ్మితే 9,400 వచ్చింది. ఒక అవ్వ కొంగున కట్టుకొచ్చిన సోలెడు మిరియాలకు కూడా పుస్తకంలో పద్దు ఉంది. మొత్తం జమ 1,13,400.

ఖర్చు: నల్లరాయికి, పాలిష్‌కు కలిపి 31,000. దిమ్మకు సిమెంటు, ఇనుము, ఇసుక 28,900. మేస్త్రీ కూలి 12,500. మట్టిపనంతా శ్రమదానమే. వ్యాను కిరాయి 6,800, మైకు, షామియానా 3,100. భోజనాలకు ఇళ్ల నుంచి వచ్చిన బియ్యం, పప్పు సరిపోయాయి.

చెక్కుడు కూలి 27,600 ఎందుకైందని కొందరు అడిగారు. అక్షరానికి 40 చొప్పున 690 అక్షరాలు. మొదట అనుకున్నదానికంటే 180 అక్షరాలు, అంటే 7,200 రూపాయలు పెరిగింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్లపై దాడులు, చేజిక్కిన 26 తుపాకులు, ఆయన వెంట పోరాడిన గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు, లంబసింగి దారి వేయించేటప్పుడు గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం కూలీలను పెట్టిన బాధలు, ఇవన్నీ చేర్చాం. తాను తీసుకున్న ఆయుధాల లెక్కను స్టేషన్ రికార్డులోనే రాసి సంతకం పెట్టి వెళ్లిన మనిషాయన. ఆయన ఫలకం మీద తారీఖులు, అంకెలు వదిలేయడం మాకు న్యాయంగా తోచలేదు.

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా ఏర్పడ్డ జిల్లాకు ఆయన పేరు పెట్టారు. సమాధి ఉన్న కృష్ణదేవిపేట మాత్రం అనకాపల్లి జిల్లాలోకి వెళ్లింది. మన పిల్లలకు బస్సు దిగగానే ఆయన చరిత్ర కనిపించాలని రోడ్డు పక్కనే పెట్టించాం. దాతల పేర్లు కూడా రాయి మీద వేయించమని గట్టిగా అడిగినవారున్నారు. కమిటీ ఒప్పుకోలేదు. ఆ చోటు పోరాడినవాళ్లదే. దాతల జాబితా పంచాయతీ బోర్డు మీద అంటించాం.

మొత్తం ఖర్చు 1,09,900. నిల్వ 3,500 పోస్టాఫీసు ఖాతాలో ఉంది. అక్షరాలకు రంగు వెలిసినప్పుడు మళ్లీ వేయించడానికే దాన్ని వాడతాం. బిల్లులు కోశాధికారి దగ్గర ఎవరైనా చూడవచ్చు. రసీదు అందనివారు అడిగి తీసుకోగలరు.