బడిలో చేరినా చిన్నపిల్లాడి లెక్కే

సంపాదకులకు నమస్కారం.

ఇంగ్లండ్‌లోని రెడింగ్‌లో మా ఇంట్లోనే పిల్లల్ని చూసుకుంటాను. ఇక్కడ ఈ పని చేసేవాళ్లని చైల్డ్‌మైండర్ అంటారు. ఆఫ్‌స్టెడ్ అనే తనిఖీ సంస్థ దగ్గర నమోదు చేసుకునే చేస్తున్నాను. నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల్లో ఎక్కువమంది మనవాళ్లే: హైదరాబాద్ నుంచి కంపెనీ పంపితే వచ్చిన ఐటీ జంటలు, ఆసుపత్రుల్లో పనిచేసే డాక్టర్లు, నర్సులు. మీ పత్రికను వాళ్లు ఇక్కడ ఫోన్లో చదువుతారు, వాళ్ల అమ్మానాన్నలు అక్కడ వరండాలో కూర్చుని చదువుతారు. ఇద్దరికీ చెప్పాల్సిన మాట ఉంది కాబట్టి మీకు రాస్తున్నాను.

ఏటా ఆగస్టు వచ్చేసరికి ఒకటే గొడవ. "బాబు బడికి వెళ్లిపోతున్నాడుగా అక్కా, ఇంక వాడు మీ లెక్కలోకి రాడుగా" అంటారు. వస్తాడు.

ఇంగ్లండ్ నిబంధన ఇది. ఒక్క మనిషి దగ్గర ఎనిమిదేళ్లలోపు పిల్లలు ఒకేసారి ఆరుగురికి మించకూడదు. ఆ ఆరుగురిలో చిన్నపిల్లలు ముగ్గురే. ఆ ముగ్గురిలోనూ ఏడాది నిండనివాళ్లు మామూలుగా ఒక్కరే. చైల్డ్‌మైండర్ సొంత పిల్లలు ఆ వయసువాళ్లయితే వాళ్లూ ఇందులోకే వస్తారు. ఇంతకీ చిన్నపిల్లలంటే ఎవరు? ఐదో పుట్టినరోజు దాటాక వచ్చే సెప్టెంబర్ 1 వరకూ చిన్నపిల్లలే. బడిలో చేరారా లేదా అన్నదానితో పని లేదు. ఇక్కడ నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబర్‌లో పిల్లల్ని రిసెప్షన్ క్లాసులో, అంటే బడిలో మొట్టమొదటి క్లాసులో వేస్తారు. అంటే రిసెప్షన్ ఏడాది పొడుగునా క్లాసు క్లాసంతా చిన్నపిల్లల కిందే లెక్క. 2020 సెప్టెంబర్ 2న పుట్టిన పిల్లా, 2021 ఆగస్టు 31న పుట్టిన పిల్లాడూ 2025 సెప్టెంబర్‌లో ఒకే క్లాసులో చేరతారు. ఇద్దరి మధ్యా దాదాపు ఏడాది తేడా ఉన్నా, లెక్కలోంచి బయటపడేది ఒకే రోజు, 2026 సెప్టెంబర్ 1. (ఇదంతా ఇంగ్లండ్ సంగతి. వేల్స్, స్కాట్లండ్‌లో ఉన్నవాళ్లు అక్కడి నిబంధనలు చూసుకోవాలి.)

దీనికి ఒక వెసులుబాటు ఉంది. నాలుగైదేళ్ల పిల్లలు మామూలు బడిరోజుకి ముందో, తర్వాతో, సెలవుల్లోనో మాత్రమే నా దగ్గర ఉంటే, మరో ముగ్గురు చిన్నపిల్లలతో పాటు వాళ్లనీ చూసుకోవచ్చు. అందరి అవసరాలూ తీరుస్తున్నానని నేను చూపించగలగాలి. మొత్తం ఆరు మాత్రం దాటకూడదు. బడి విడిచాక మూడింటికో మూడున్నరకో పిల్లల్ని తెచ్చుకోగలుగుతున్నామంటే ఈ ఒక్క వాక్యం వల్లే.

చిక్కంతా మొదటి వారాల్లో వస్తుంది. చాలా బడులు రిసెప్షన్ పిల్లల్ని మొదట్లో పూర్తిరోజు ఉంచుకోవు. కొన్నాళ్లు మధ్యాహ్నం పన్నెండు దాకా, తర్వాత కొన్నాళ్లు భోజనం అయ్యేదాకా, ఆ పైన పూర్తిరోజు. మరి పన్నెండింటికి వచ్చి సాయంత్రం ఐదున్నర దాకా నా ఇంట్లో ఉండే పిల్లవాణ్ణి "మామూలు బడిరోజు తర్వాత వచ్చినవాడు" అని రాసుకోవడానికి నాకు చెయ్యి రాదు. అప్పుడు వాడు నాలుగో చిన్నపిల్లాడు అవుతాడు.

ఒక ఇంటి సంగతి చెబుతాను. అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలు చేస్తారు. బాబుకి ఆగస్టు మొదట్లో నాలుగు నిండాయి. వాడు పగలంతా నా దగ్గరే పెరిగాడు. బడికి వెళ్తాడు కదా అని వాడి చోటు ఒక నర్సమ్మ పాపకి ఇచ్చాను. ఆవిడ ప్రసూతి సెలవు అయిపోయి సెప్టెంబర్‌లోనే డ్యూటీలో చేరాలి. ఆగస్టు ఆఖర్లో బడి నుంచి మెయిల్ వచ్చింది, రెండు వారాలు సగంపూటేనని. "రెండు వారాలేగా అక్కా, మనవాళ్లమే కదా, సర్దుకోండి" అందా అమ్మాయి. నేను ఒప్పుకోలేదు. ఆమె ఏడ్చింది. సెలవు పెడితే మేనేజర్ ఏమంటాడోనని భయం ఆమెకి. చివరికి భార్యాభర్తలు చెరో వారం సెలవు పెట్టుకున్నారు.

ఆ అమ్మాయి మీద నాకు కోపం లేదు. నిబంధన మీదా లేదు. ముగ్గురే అన్నది ఊరికే పెట్టిన అంకె కాదు. నెలనెలా ఇంట్లో ఫైర్ డ్రిల్ చేస్తాను: నడకరాని పాపని చంకనేసుకుని, తప్పటడుగుల వాణ్ణి ఒక చేత్తో పట్టుకుని, మూడేళ్ల పిల్లని నోటిమాటతో తలుపు దాటించాలి. నాలుగోవాడు ఎక్కడున్నాడో చూడ్డానికి ఇంకో మనిషి ఉండదు. పైగా కొత్తగా బడికెళ్లే నాలుగేళ్ల వాడు ఆ రోజుల్లో అందరికంటే పసివాడైపోతాడు. పొద్దున్నంతా రాని భాషలో కూర్చుని వచ్చి, అన్నం ముందు పెట్టుకునే నిద్రపోతాడు. ఎప్పుడో మానేసినవాడు మళ్లీ నిక్కరు తడుపుకుంటాడు. వాళ్లమ్మ మాట ఎత్తితే చాలు, ఏడుపు. బడిలో పేరు రాశారు కాబట్టి పెద్దవాడైపోయాడనుకోవడం అన్యాయం. వాణ్ణి ఇంకా చిన్నపిల్లాడిగా లెక్కపెట్టడమే న్యాయం.

మారాల్సింది బడుల పద్ధతి. సీట్లు ఎవరికి ఎక్కడో ఏప్రిల్ 16న చెప్పేస్తారు. సగంపూట రోజులెన్నో మేలోనే చెప్పడానికి అడ్డేమిటి? ఇక్కడి విద్యాశాఖ కూడా ఈ సగంపూట వారాలు ఏ లెక్కలోకి వస్తాయో నిబంధనలోనే ఒక్క వాక్యం రాయాలి. ఇంటికో చైల్డ్‌మైండర్ ఒక్కో అర్థం తీసుకుంటే నలిగేది తల్లులే.

మన తల్లిదండ్రుల్లో చాలామందికి తెలియని విషయం ఇంకొకటి ఉంది. నాలుగేళ్లు నిండాక వచ్చే సెప్టెంబర్ నుంచి పూర్తిరోజు సీటు బిడ్డ హక్కు. ఇంగ్లండ్ స్కూలు అడ్మిషన్ల కోడ్‌లో ఆ మాట ఉంది. సగంపూట పంపాలా, కొన్నాళ్లు ఆగి చేర్చాలా అన్నది బిడ్డకి నిర్బంధ విద్య వయసు వచ్చేదాకా తల్లిదండ్రుల ఇష్టం, బడి ఇష్టం కాదు. నెమ్మదిగా అలవాటు చేస్తామని బడి అంటే అది సలహా అనుకోండి. ఇంట్లో చూసుకునేవాళ్లుంటే ఆ సలహా మంచిదే, నేనూ వినమంటాను. లేకపోతే "మాకు మొదటి రోజు నుంచీ పూర్తిరోజు కావాలి" అని ఉత్తరం రాయండి. మనవాళ్లు టీచర్‌కి ఎదురు చెప్పినట్టవుతుందేమోనని మొహమాటపడతారు. హక్కు అడగడం ఎదురు చెప్పడం కాదమ్మా.

అక్కడున్న అమ్మమ్మలకీ నాయనమ్మలకీ ఒక మాట. మీరు ఎలాగూ ఒకసారి మనవణ్ణి చూడ్డానికి రావాలనుకుంటే, టికెట్టు కొనేముందు పిల్లవాడు బడిలో చేరేది ఏ సెప్టెంబరో మీ అమ్మాయిని అడగండి. వేసవిలో లండన్ చూపించడం కంటే ఆ నెలలో మీరు ఇంట్లో ఉండటం ఆమెకి ఎక్కువ ధైర్యం.

జూన్‌లోనే నాతో ఒప్పందం రాసుకునేటప్పుడు సెప్టెంబర్ మొదటి మూడు వారాల సంగతి విడిగా మాట్లాడమని మా దగ్గరి తల్లిదండ్రులకి ఇప్పుడు చెబుతున్నాను. ఈ ఉత్తరాన్ని జూన్‌లోపే వేస్తే, వచ్చే సెప్టెంబర్‌లో చేరే పిల్లల ఇళ్లకి పనికొస్తుంది.

— ఒక తెలుగు చైల్డ్‌మైండర్, రెడింగ్, ఇంగ్లండ్