గృహనిర్మాణ శాఖ మంత్రి గారికి: 'కచ్చా' అనే గడి గురించి

మంత్రి గారికి నమస్కారం.

ఆదివాసీ ఊళ్లలో ఇళ్ల సర్వేకి వచ్చినవాళ్ల చేతిలో ఒక ఫారం ఉంటుంది. మట్టి గోడ, గడ్డి కప్పు కనబడితే చాలు, 'కచ్చా' అన్న గడిలో టిక్కు పడుతుంది. ఆ టిక్కుతోనే ఆ ఇంటికి నూకలు చెల్లినట్టు. ఆదివాసీ సంస్కృతిని కాపాడతామని ఒకపక్క సభల్లో చెబుతూనే ఉంటారు. నా గొడవంతా ఆ గడితోనే.

2001 జనవరి 26న గుజరాత్‌లోని కచ్ భూకంపంలో కాంక్రీటు మేడలు కుప్పకూలాయి. అక్కడి గుండ్రటి మట్టి ఇళ్లు, వాటిని భుంగాలంటారు, చాలావరకు నిలబడ్డాయి. గోడ గుండ్రంగా ఉంటే అదురు ఒక మూలన పడదు, పైన కప్పు కూడా తేలిక. మరి ఏది కచ్చా, ఏది పక్కా?

గడ్డి కప్పుకి నిప్పు భయం ఉంది, కర్రకి చెదలు పడతాయి. కాదనను. వానకి కారే ఇంట్లోనే ఉండండి అని ఎవరికీ చెప్పే హక్కు నాకు లేదు. స్లాబు కావాలన్నవాళ్లకి స్లాబే వేయించండి. కానీ 'బాగుచేస్తాం' అంటూ మట్టి గోడకి సిమెంటు పూయించకండి. మట్టి గోడ తడిని పీలుస్తుంది, ఎండకి వదిలేస్తుంది. పైన సిమెంటు ఉంటే లోపలి తడికి దారి ఉండదు. కొన్నాళ్లకి వేలి కణుపుతో కొట్టి చూడండి, డొల్లగా మోగుతుంది. పూత పెచ్చు ఊడిన రోజు వెనక గోడ పొడిపొడిగా రాలుతుంది. తప్పు సిమెంటుది, తిట్లు మట్టికి.

మాలి దేశంలోని జెన్నేలో పెద్ద మట్టి మసీదు ఉంది. ఇప్పుడున్న కట్టడం 1907 నాటిది. దాని గోడల నిండా తాటి కర్రలు బయటికి పొడుచుకొచ్చి ఉంటాయి. ఫొటోలో చూసి అలంకారం అనుకున్నాను. కాదట, అవి మేస్త్రీలు ఎక్కే మెట్లు కూడా. ఏటా ఒకరోజు ఊరు ఊరంతా వచ్చి మట్టి పూస్తుంది. అంటే జనం మళ్లీ మళ్లీ వస్తారన్న నమ్మకంతో కట్టిన గోడ అది. న్యూజిలాండ్ మావోరీల సభాగృహంలోనైతే కప్పు నడిమి దూలం పూర్వీకుడి వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. ఇలాంటి ఇంటికి మ్యూజియంలో నమూనా కట్టి రిబ్బను కత్తిరిస్తే ఏం మిగులుతుంది?

అలాగని మట్టితో కట్టినంత మాత్రాన పని అయిపోదు. ఈజిప్టులో హసన్ ఫతీ అనే వాస్తుశిల్పి 1940లలో న్యూ గుర్నా అనే ఊరిని మట్టి ఇటుకలతో ఎంతో అందంగా కట్టాడు. కానీ పాత ఊరివాళ్లలో చాలామంది అక్కడికి వెళ్లలేదు. అసలు ఊరు మారాలన్న నిర్ణయమే వాళ్లది కాదు, సర్కారుది. ఆదివాసుల ఇళ్ల పథకాల రూపకల్పనలో వాళ్లకి భాగం ఉండాలని ఆదివాసుల హక్కుల మీద 2007 నాటి ఐక్యరాజ్యసమితి ప్రకటన 23వ అధికరణం చెబుతోంది. మీ అధికారులకి ఒకసారి చూపించండి.

అడిగేది పెద్దదేం కాదు. మీ ఎస్టిమేట్లలో మట్టి గోడకి, వెదురుకి, గడ్డి కప్పుకి కూడా రేటు రాయించండి. రేటు లేని పనికి బిల్లు రాదు, బిల్లు రాని పనిని ఏ కుర్రాడూ నేర్చుకోడు. పని తెలిసిన పెద్దవాళ్ల దగ్గర నేర్చుకునేవాళ్లకి, ఆ నేర్పేవాళ్లకి కూడా, రోజు కూలి ఇప్పించండి.

ఫారంలో ఆ 'కచ్చా' గడి తీసేసి, ఆ చోట రెండు ప్రశ్నలు పెట్టించండి. ఈ ఇల్లు కట్టిందెవరు? దీన్ని మళ్లీ కట్టగలవాళ్లు ఊళ్లో ఇంకా ఎంతమంది ఉన్నారు?

ఇట్లు,
ఒక పౌరుడు