షుగర్ ఉందా అని కౌంటర్లో ఎవరూ అడగలేదు

సంపాదకులకు నమస్కారం.

పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు మా బ్రాడీపేటలో ఏ వీధిలో చూసినా నాలుగైదు కనిపిస్తాయి. పురుళ్లకో, మనవళ్లను చూసుకోడానికో అమ్మానాన్నలు వెళ్లి ఆరు నెలలు ఉండి రావడం మామూలైపోయింది. అలా వెళ్లినచోట జబ్బు పడితే ఏమవుతుందో మాకు నిరుడు డిసెంబరులో తెలిసొచ్చింది. ఇది అమెరికా ఆసుపత్రుల మీద ఫిర్యాదు కాదు. గుంటూరులో బీమా కాగితం అమ్మే కౌంటర్ల సంగతి.

మా అబ్బాయి డాలస్ దగ్గర ఉంటాడు. వెళ్లిన ఐదో వారంలో మా ఆవిడకు జలుబుతో మొదలై జ్వరం, దగ్గు పట్టుకున్నాయి. నాలుగో రోజు రాత్రి పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుంది. 'ఇప్పుడెందుకు, పొద్దున చూద్దాం, ఊరికే వేలకు వేలు గుంజుతారు' అని ఆగి ఆగి అంటోంది. కోడలు వినలేదు, అక్కడి అత్యవసర నంబరు 911కి ఫోన్ చేసింది. ఎమర్జెన్సీలో డబ్బు ఊసెత్తకుండానే ఆక్సిజన్ పెట్టారు. కట్టగలరా లేదా అని చూడకుండా ముందు రోగిని పరీక్షించి, ప్రాణాపాయం నుంచి బయటపడెయ్యాలని అక్కడ 1986 నుంచీ చట్టం ఉందట. న్యుమోనియా అన్నారు.

ఏం మందులు వాడుతున్నారని నర్సు అడిగితే జేబులోంచి బీపీ మాత్రల షీటు తీసిచ్చాను. దాని మీద పేరు కంప్యూటర్లో కొడితే ఏమీ రాలేదు. ఇక్కడి కంపెనీ పెట్టుకున్న పేరు వాళ్లకేం తెలుస్తుంది? కోడలు షీటు వెనక్కి తిప్పి, సెల్‌ఫోన్ లైటు వేసి, సన్నక్షరాల్లో ఉన్న 'టెల్మిసార్టన్ 40' చదివాక గానీ పని జరగలేదు. షుగర్ మాత్రల షీటు సగం చింపేసి ఉంది. పేరున్న ముక్క ఇంట్లో చెత్తబుట్టలో. డాక్టరు గారి చీటీ ఉంది గానీ దాన్ని మా సందు చివర మందుల షాపు కుర్రాడు తప్ప ఎవరూ చదవలేరు. ఆవకాయ సీసాకు మూడు కవర్లు చుట్టి తీసుకెళ్లిన వాళ్లం, మందుల పేర్లు ఒక కాగితం మీద టైపు చేయించుకోవాలని తోచలేదు.

తర్వాత స్టాండుకు బిగించిన టాబ్లెట్ ఒకటి తోసుకొచ్చారు. అందులోంచి ఒకావిడ తెలుగులో, 'నమస్కారమండీ, డాక్టరు గారు అడిగేది మీకు చెబుతాను, మీరు చెప్పేది ఆయనకు చెబుతాను' అంది. ఆ రాత్రి అంతసేపటికి మా ఆవిడ ముఖంలో టెన్షన్ కాస్త తగ్గింది. ఇంగ్లిషు రానివాళ్లకు ఇలా ఖర్చు లేకుండా సాయం ఏర్పాటు చేయడం అక్కడి ఆసుపత్రుల బాధ్యత. 'షుగర్ ఎన్నాళ్ల నుంచి ఉందమ్మా?' అని అడిగింది. 'పదకొండేళ్లమ్మా' అని మా ఆవిడ ఉన్నమాట చెప్పింది. డాక్టరు రాసుకున్నాడు.

ఆ పదకొండేళ్లే తర్వాత మా కొంప ముంచాయి. ట్రావెల్స్ ఆఫీసులో టికెట్లతో పాటు తీసుకున్న ఇన్సూరెన్స్ ఫారంలో, పాత జబ్బుల గురించిన ప్రతి ప్రశ్నకూ 'లేదు' అని ఉంది. ఆ గళ్లు నేను నింపలేదు. కౌంటర్లో కుర్రాడు పాస్‌పోర్టులు చూసి పేర్లు, పుట్టిన తేదీలు కొట్టుకుని, 'మాస్టారూ, ఇక్కడో సంతకం, ఇక్కడో సంతకం' అన్నాడు. రెండు నిమిషాల పని. మా ఆవిడ పక్క కుర్చీలోనే ఉంది, ఒక్కమాట అడిగితే చెప్పేది. అడిగితే ప్రీమియం పెరుగుతుంది, బేరం పోతుంది. ముప్ఫై నాలుగేళ్లు బళ్లో 'ప్రశ్న పూర్తిగా చదివి జవాబు రాయండిరా' అని అరిచినవాణ్ని, నేనూ చదవలేదు. ఆ తప్పు నాదే.

మూడు రాత్రులు ఉంచి పంపారు. మేం గుంటూరు వచ్చాక కూడా అబ్బాయి ఇంటికి బిల్లులు వస్తూనే ఉన్నాయి. అంబులెన్సుది ఒకటి, ఆసుపత్రిది ఒకటి, ఎమర్జెన్సీ డాక్టరుది ఒకటి, ఎక్స్‌రే చూసి చెప్పినాయనది ఇంకొకటి. మొత్తం 41 వేల డాలర్లు దాటింది. బీమా కంపెనీ ఆసుపత్రి రికార్డు తెప్పించుకుని, షుగర్ దాచారు కాబట్టి పైసా రాదంది. న్యుమోనియాకూ షుగర్‌కూ ఏం సంబంధమని అబ్బాయి వాదించాడు. షుగర్ ఉన్నవాళ్లకు ఇన్ఫెక్షన్లు ముదురుతాయని జవాబు. అదీ అబద్ధం కాదు. చివరికి వాడే ఏ పద్దుకు ఎంతో విడివిడిగా రాసిన బిల్లు అడిగి తెప్పించుకుని, రెండుసార్లు పడ్డ టెస్టు ఒకటి తీయించాడు. లాభాపేక్ష లేని ఆసుపత్రులు తక్కువ ఆదాయం వాళ్లకు బిల్లు తగ్గించే పద్ధతిని రాతపూర్వకంగా పెట్టుకోవాలని అక్కడ 2010లో వచ్చిన చట్టం చెబుతోంది. నా పెన్షన్ కాగితాలు జతచేసి దరఖాస్తు పెడితే ఆసుపత్రి బిల్లు సగానికి దిగింది. మిగతాది నెలనెలా కడుతున్నాడు. ఫోన్లో ఆ మాట ఎత్తడు, మేమూ అడగం.

యూరప్‌కు షెంజెన్ వీసా కావాలంటే కనీసం 30 వేల యూరోల వైద్య బీమా చూపించాలి. అమెరికా విజిటర్ వీసాకు ఆ షరతు లేదు. అందుకని కొందరు అసలు తీసుకోరు, తీసుకునేవాళ్లు అన్నిట్లోకీ చవకది చూసుకుంటారు. మన రాష్ట్ర ప్రభుత్వ ఉచిత వైద్య పథకం డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ సముద్రం దాటదు. ప్రవాసాంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన ఏపీ ఎన్‌ఆర్‌టీ సొసైటీ 'ప్రవాసాంధ్ర భరోసా' బీమా విదేశాల్లో పనిచేసేవాళ్లకు, చదువుకునేవాళ్లకు. మాలాంటి చుట్టపుచూపు వాళ్లకు ఆ కౌంటర్లో కొన్న కాగితమే దిక్కు.

నిబంధన లేదా అంటే ఉంది. పాలసీలో ఏది వస్తుందో, ఏది రాదో తేలిక మాటల్లో చెప్పే సమాచార పత్రం ఇవ్వాలని, అడిగినవాళ్లకు స్థానిక భాషలో ఇవ్వాలని బీమా కంపెనీలను నియంత్రించే సంస్థ ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. 2024 జనవరి 1 నుంచి కొత్త నమూనా కూడా అమల్లోకి వచ్చింది. ప్రయాణ బీమా వాళ్ల లెక్కలో ఆరోగ్య బీమా కిందికే వస్తుంది. మరి గుంటూరు కౌంటర్లలో తెలుగు పత్రం ఎవరికైనా కనిపించిందా? అడిగితే ఇస్తామనడం కాదు, అడక్కుండానే ఇవ్వాలి. ఆరోగ్య ప్రశ్నలు తెలుగులో చదివి వినిపించి, 'ఉంది', 'లేదు' అన్నది కొనేవాళ్ల చేత్తోనే రాయించాలి. పాత జబ్బు వల్ల ప్రాణం మీదికొస్తే కొంత మొత్తం దాకా ఇచ్చే పాలసీలూ ఉన్నాయి, ప్రీమియం ఎక్కువ. ఆ సంగతీ అక్కడే చెప్పాలి. ఎన్‌ఆర్‌టీ సొసైటీ వాళ్లు విజయవాడలో, గుంటూరులో ప్రయాణమయ్యే తల్లిదండ్రులకు ఒక పూట క్లాసు పెట్టొచ్చు. పిలిస్తే నేనే వచ్చి చెబుతాను, జీతం అక్కర్లేదు.

క్లెయిమ్ అన్యాయంగా తోసేశారనుకుంటే, కంపెనీకి ఫిర్యాదు చేశాక బీమా తగాదాలు తీర్చే హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్‌కు ఫీజు లేకుండా రాసుకోవచ్చు. ఫారం కింద సంతకం నాదే కాబట్టి నాకు ఆ దారీ ఇరుకే.

మొన్న మా వియ్యంకుల ప్రయాణం కుదిరితే వాళ్లతో నేనూ అరండల్‌పేటలోని ఒక ఆఫీసుకు వెళ్లి తెలుగు పత్రం అడిగాను. 'ఇన్నాళ్లలో అడిగింది మీరే సార్, కనుక్కుని చెబుతా' అన్నాడు అక్కడి అబ్బాయి. వియ్యపురాలు బీపీ గడిలో 'ఉంది' అని తన చేత్తోనే రాసింది. ప్రీమియం నాలుగు వేలు పెరిగింది. పత్రం ఇంకా రాలేదు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
బ్రాడీపేట, గుంటూరు.